కాగితం మీది కాంట్రాక్టర్

మా ఇంట్లో దూలానికి ఒక పసుపుపచ్చ హెల్మెట్ వేలాడుతుంటుంది. ఎలుకలు అందుకోకుండా మా యాడి అందులో జొన్న విత్తనాలు మూటగట్టి పెట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు "ఇది ఎవరిది?" అని అడిగితే "నా పెద్ద కొడుకుది" అంటుంది. అది నిజం కాదు. మా అన్న ఆ హెల్మెట్ ఒక్క రోజు కూడా పెట్టుకోలేదు. శవంతో పాటు వచ్చిన సంచిలో అది ఉంది. లోపలి పట్టీకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ తీయలేదు. ఏడో అంతస్తు నుంచి పడిపోయిన మనిషి హెల్మెట్ మీద చిన్న గీత కూడా లేదు.

యాడికి నేను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా ఆమె దాన్ని పారేయదు. కానీ ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పాలి. అది మా అన్నను కాపాడడానికి ఇచ్చిన హెల్మెట్ కాదు, ఇచ్చామని చూపించుకోవడానికి పెట్టిన హెల్మెట్.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా. అమ్రాబాద్ గుట్టల మీద ఒక లంబాడీ తండా. చుట్టూ నల్లమల, పక్కనే చెంచు పెంటలు. వానాకాలం పత్తి, జొన్న, ఆముదం వేస్తాం. దసరా దాటిందంటే తండా సగం ఖాళీ అవుతుంది. పాలమూరు లేబర్ అన్న మాట తెలియని ఇంజినీరు ఉండడు. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, ఇప్పుడు హైదరాబాద్ పడమటి దిక్కున లేస్తున్న ముప్పై, నలభై అంతస్తుల ఇళ్లు, ఎక్కడ మట్టి తవ్వినా, ఎక్కడ స్లాబ్ పోసినా మా వైపు మనుషులు ఉంటారు. మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. బాపు కాలువ పనులకు కర్ణాటక పోయాడు. అన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు. మూడు తరాల్లో పని పేరు మారింది. అడ్వాన్సు ఇచ్చి పిలుచుకుపోయేది మాత్రం ఎప్పుడూ గుంపు మేస్త్రీయే.

మా గుంపు మేస్త్రీ పరాయివాడు కాదు. యాడికి తోడబుట్టినవాడు, మా మామ. చదువు రాదు కానీ లెక్కలో దిట్ట. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడో, ఎవరు ఎన్ని రోజులు పని చేశారో నోటితోనే చెప్తాడు. గుంపుకు వచ్చే కూలిలో తలకు ఇంత అని అతనికి మిగులుతుంది. అదే అతని సంపాదన. సైట్‌లో మాతో పాటే రేకుల షెడ్డులో పండుకుంటాడు, ఆ అన్నమే తింటాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు జ్వరమొస్తే తానే దవాఖానకు తీసుకపోతాడు.

2021 దసరా తరువాత అన్న మామ వెంట పోయాడు. బోరు వేసి అప్పు మిగిలింది. అన్నకు అప్పుడు 25 ఏళ్లు. రెండేళ్ల బిడ్డ. నేను మహబూబ్‌నగర్‌లో బి.ఇడి. చదువుతున్నాను. నా హాస్టల్ ఖర్చుకు ప్రతి నెలా ఫోన్‌లో డబ్బులు పంపేవాడు. పంపిన వెంటనే ఫోన్ చేసి "వచ్చినయా?" అని ఒక్క మాట అడిగి పెట్టేసేవాడు.

డిసెంబరులో ఒక సాయంత్రం పొద్దు గూకినాక, ఏడో అంతస్తులో స్లాబ్ కింద పెట్టిన జాకీలు, చెక్కలు విప్పుతున్నారు. లైటు లేదు. లిఫ్ట్ కోసం వదిలిన గుంత మీద ఒక ప్లైవుడ్ ముక్క పరిచి ఉంది. దానికి మేకు కొట్టలేదు. గుంత చుట్టూ అడ్డు కడ్డీ లేదు. కింద వల లేదు. అన్న భుజం మీద జాకీ పెట్టుకుని నడుస్తూ ఆ ముక్క మీద అడుగు వేశాడు. ఇదంతా మా తండా పిల్లవాడు ఒకడు నాకు చెప్పాడు. వాడు అన్న వెనకే నడుస్తున్నాడు. ఒక్క అడుగు ముందుంటే వాడే పోయేవాడు.

మరునాడు పొద్దున పంచనామాకు పోలీసులు వచ్చేసరికి, ప్రతి అంతస్తులోనూ లిఫ్ట్ గుంత చుట్టూ ఎర్ర రంగు వేసిన ఇనుప కడ్డీలు నిలబడి ఉన్నాయి. బాపు ఒక కడ్డీ పట్టుకుని గుంతలోకి తొంగి చూశాడు. చేతికి రంగు అంటింది. ఆ రంగు కడుక్కోకుండానే మార్చురీకి వచ్చాడు. నేను చూశాను. అప్పుడు అది రక్తం అనుకున్నాను.

మార్చురీ ముందర ఒక ఆయన వచ్చి బాపును పక్కకు పిలిచాడు. ఒక కవరు, ఒక స్టాంపు కాగితం. కవరులో రెండు లక్షలు. కాగితంలో ఏముందో మాకు అప్పుడు చదివి వినిపించలేదు. తరువాత నేను చదివాను. మృతుడు మద్యం తాగి తన సొంత అజాగ్రత్త వల్ల పడిపోయాడనీ, మానవతా దృక్పథంతో ఇచ్చిన ఈ సొమ్ము పూర్తిగా ముట్టిందనీ, ఇక మీదట మాకు గానీ మా వారసులకు గానీ ఎలాంటి క్లెయిములు, కేసులు లేవనీ రాసి ఉంది. "అంబులెన్సు తయారుగ ఉంది. ఇగ్గో, ఈడ వేలు పెట్టు పెద్దమనిషీ, చీకటి పడకముందే ఊరికి చేరాలె గదా" అన్నాడు ఆయన. బాపు ఎర్ర రంగు అంటిన వేలితోనే ముద్ర వేశాడు.

అయిదు నెలలు అందరం ఆ కాగితాన్ని నమ్మాం. వేలిముద్ర పడ్డాక ఇక అయిపోయిందనుకున్నాం. తరువాత మహబూబ్‌నగర్‌లో నా స్నేహితురాలు ఒక భవన కార్మికుల యూనియన్ పెద్దాయన దగ్గరకు తీసుకుపోయింది. ఆయన ఆ కాగితం నకలు రెండుసార్లు చదివి, మడిచి నా చేతికి ఇచ్చి "ఇది చెల్లదు బిడ్డా" అన్నాడు. ఆ రోజు నేను నేర్చుకున్నది మా తండా వాళ్లందరికీ తెలియాలి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

1923లో చేసిన చట్టం ఒకటి ఉండేది. మొదట పనివాళ్ల నష్టపరిహార చట్టం అనేవారు, ఆ తరువాత ఉద్యోగుల నష్టపరిహార చట్టం అన్నారు. పనిలో ఉండగా, పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టాలి. తప్పు ఎవరిది అని ఆ చట్టం అడిగేది కాదు. మనిషి చనిపోతే "తాగి ఉన్నాడు" అన్న సాకు కూడా పనికిరాదు. చనిపోయినవాళ్ల పరిహారం నేరుగా ఇంటివాళ్ల చేతిలో పెడితే చట్టం దాన్ని పరిహారం చెల్లించినట్టు లెక్కించదు. కార్మిక శాఖ కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. పరిహారం హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్న ఏ ఒప్పందమైనా ఆ మేరకు చెల్లదు. పరిహారం కోసం రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. పని చేయించినవాడు చిన్న కాంట్రాక్టర్ అయినా, అతని వెనక ఉన్న అసలు యజమాని నుంచి పరిహారం అడగవచ్చు.

ఆయన ఒక పాత క్యాలెండర్ వెనక లెక్క వేసి చూపించాడు. 2020 జనవరి నుంచి ఈ లెక్కకు నెల జీతం 15,000 మించి తీసుకునేవారు కాదు. అందులో సగం 7,500. 25 ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 216.91. రెండూ గుణిస్తే 16,26,825 రూపాయలు. బాపు వేలిముద్రకు వాళ్లు కట్టిన ధర రెండు లక్షలు.

దరఖాస్తు పెట్టాం. మూడేళ్లు తిరిగాం. చివరికి వదినకూ బిడ్డకూ పరిహారం వచ్చింది. దాంతో నాకు తెలిసిందేమిటంటే, డబ్బు విషయంలో మన చట్టం పేదవాడిని "రుజువు చెయ్యి" అని నిలదీయదు. వంద ఏళ్ల కిందటే ఆ తెలివి వచ్చింది. మరి నేరం విషయంలో ఎందుకు రాలేదు?

పోలీసులు 304ఎ సెక్షన్ కింద కేసు పెట్టారు. నిర్లక్ష్యం వల్ల మనిషి చావుకు కారణం కావడం అన్నమాట. అప్పటి శిక్షాస్మృతిలో దానికి గరిష్ఠంగా రెండేళ్ల జైలు. ఎఫ్‌ఐఆర్‌లో ముద్దాయిలు ఇద్దరు. రెండో ముద్దాయి సైట్ సూపర్‌వైజర్. మొదటి ముద్దాయి మా మామ.

నేను మొదట పొరపాటు అనుకున్నాను. పొరపాటు కాదు. ప్రమాదానికి ఆరు నెలల ముందు మామ చేత కొన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించారు. సంతకం అంటే అతనికి వచ్చిన మూడు అక్షరాలే. లేబర్ లైసెన్సు అతని పేరు మీద తీయించారు. సెంట్రింగ్ పనిని అతనికి సబ్ కాంట్రాక్టు ఇచ్చినట్టు ఒప్పందం రాయించారు. అందులో ఒక వరుసలో, కూలీల భద్రత బాధ్యత అంతా సబ్ కాంట్రాక్టర్‌దే అని ఉంది. ఇనుప కడ్డీ కొనే డబ్బు మామ దగ్గర లేదు. లిఫ్ట్ గుంత ఎక్కడ ఉండాలో చూపే నక్షా మామ ఎప్పుడూ చూడలేదు. చీకటి పడిందని పని ఆపే అధికారం కూడా అతనికి లేదు. స్లాబ్ ఆలస్యమైతే బిల్లు కోసేది పైవాళ్లు. కానీ కాగితం మీద కాంట్రాక్టర్ మా మామే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు రకాల ఏడుపులు. యాడి కొడుకు కోసం ఏడ్చేది, తమ్ముడి కోసమూ ఏడ్చేది. వదిన మామతో మాట్లాడడం మానేసింది. మామ మా గడప తొక్కడం మానేశాడు. పరిహారం దరఖాస్తు పెట్టినప్పుడు కంపెనీ మనిషి మామకు ఫోన్ చేసి "మేము కట్టేదంతా నీ దగ్గర్నే వసూలు చేస్తం, చట్టంల ఉంది" అన్నాడట. నిజంగానే ఉంది. అసలు యజమాని పరిహారం కట్టితే, ఆ సొమ్మును కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. నిజమైన కాంట్రాక్టర్ దగ్గర అది న్యాయమే. మామ దగ్గర రాబట్టుకోవడానికి రెండెకరాల చెలక తప్ప ఏముంది?

కేసు కోర్టుకు వచ్చింది. అన్న వెనక నడిచిన పిల్లవాడు సాక్ష్యం చెప్పాలి. వాడు పుణె పోయాడు, రాలేదు. నేను ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అక్కా, కడ్డీ లేదని నేను చెప్తే మొదలు జైలుకు పోయేది మామనే గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బాపును కోర్టులో వకీలు అడిగాడు, "నీ కొడుకు పడ్డప్పుడు నువ్వు చూసినవా?" "చూడలె" అన్నాడు బాపు. పంచనామాలో కడ్డీలు ఉన్నట్టు రాసి ఉంది. చేతికి అంటిన రంగు సంగతి ఎవరూ అడగలేదు. నిర్లక్ష్యం రుజువు కాలేదని ఇద్దరి మీదా కేసు కొట్టేశారు.

ఆ వార్త విని నాకు గుండె కుదుటపడింది. మామ జైలుకు పోలేదు. ఆ మరుక్షణమే సిగ్గేసింది. మా అన్న చావుకు ఎవరూ కారణం కాదని కోర్టు రాస్తే, నేను సంతోషపడ్డాను. కాగితం మామ పేరు మీద పెట్టిన తెలివి అక్కడే ఉంది. ఆ ఒక్క సంతకంతో తండా మొత్తం నోరు మూసేశారు.

ఇంకో కేసు కూడా జరిగింది. అది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన ప్రత్యేక చట్టం ఉండేది. దాని కింద భద్రతా నియమాలు ఉండేవి. ఎత్తులో పనిచేసేచోట అడ్డు కడ్డీలు ఎలా ఉండాలి, గుంతలు ఎలా మూయాలి, బెల్టు, వల, వెలుతురు ఎలా ఉండాలి, అన్నీ రాసి పెట్టారు. ఆ నియమం తప్పితే అదే నేరం. మనసులో ఏముందో, ఎవరి నిర్లక్ష్యమో వేరుగా రుజువు చేయనక్కర లేదు. మనిషి చావనక్కర కూడా లేదు. కడ్డీ ఉందా, లేదా? లేకపోతే నేరమే. వకీళ్లు దీన్ని స్ట్రిక్ట్ లయబిలిటీ అంటారని యూనియన్ పెద్దాయన చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "మరి శిక్ష ఎంత?" అన్నాను. మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇన్‌స్పెక్టర్ కేసు వేశాడు. జరిమానా పడింది. రెండు వేలు. కట్టింది కంపెనీ గుమాస్తా, సంతకం మామది. మా అన్న కూలి రోజుకు ఏడు వందలు. అంటే మూడు రోజుల కూలి కూడా కాదు.

అప్పటి నుంచి ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి సరైన ప్రశ్న అడిగేది: కడ్డీ ఉందా, లేదా? కానీ దాని శిక్షకు భయపడేవాడు ఉండేవాడు కాదు. రెండోదాని శిక్ష కొంచెం పెద్దది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో అది అయిదేళ్ల దాకా పెరిగింది. కానీ అది అడిగే ప్రశ్నకు చచ్చినవాడి ఇంటివాళ్లు జవాబు చెప్పలేరు. సైట్ తాళాలు వాళ్ల దగ్గర, రిజిస్టరు వాళ్ల దగ్గర, కెమెరాలు వాళ్ల దగ్గర, రంగు డబ్బా కూడా వాళ్ల దగ్గరే. మా దగ్గర ఉన్నది శవం ఒక్కటే.

ఇక్కడ నాతో నేను చాలా రోజులు గొడవపడ్డాను. మనసు చూడకుండా నేరస్తుడని అనడం న్యాయమేనా? ఈ ప్రశ్న ఇంకెవరైనా తేలిగ్గా తీసుకోవచ్చు, మేము తీసుకోలేం. 1871లో తెల్లవాళ్లు మొదలుపెట్టిన నేరస్త తెగల చట్టం కింద ఎరుకల వాళ్లనూ, మా సుగాలీలనూ, ఇంకా ఎన్నో తెగలనూ పుట్టుకతోనే నేరస్తులని రాశారు. ఏం చేశావని అడగలేదు, ఎందుకు చేశావని అడగలేదు. 1952లో ఆ చట్టం పోయింది కానీ, బస్టాండులో దొంగతనం జరిగితే మొదట మా వైపు చూసే చూపు పోలేదు. అటువంటి తెగలో పుట్టినదాన్ని, రుజువు అక్కరలేని నేరం కావాలని నేనెలా అడగను?

ఆలోచించగా నాకు తేడా కనిపించింది. ఆ చట్టం మనిషి పుట్టుకను శిక్షించింది. పుట్టుకను ఎవరూ ఎంచుకోరు, తప్పించుకోలేరు. కట్టడం పని అలా కాదు. లాభం కోసం ఒకడు తనంతట తాను ఎత్తుకున్న పని. ఏడో అంతస్తులో మనిషిని నిలబెట్టి పని చేయించుకుంటానన్నవాడికి, ఆ మనిషి చుట్టూ కడ్డీ కట్టే బాధ్యత ఆ పనితోనే వస్తుంది. అది కట్టకపోవడం అతని చేతిలో ఉన్న విషయం. పైగా అతనికి నోరు నొక్కమని నేను అనడం లేదు. బ్రిటన్‌లో 1974 నాటి భద్రతా చట్టం ఒక పద్ధతి పెట్టింది. చేయగలిగినంత చేశానా లేదా అన్నది ముద్దాయే రుజువు చేసుకోవాలి. ఏ రోజు కడ్డీ పెట్టాడు, ఎవరు తనిఖీ చేశారు, బెల్టులు ఎవరికి ఇచ్చాడు, అన్నీ అతని దగ్గరే ఉంటాయి. నిజంగా చేసినవాడికి అది కష్టం కాదు. ప్లాస్టిక్ కవరు తీయని హెల్మెట్ చూపించేవాడికే కష్టం.

కానీ ఆ బాధ్యత ఎవరి మెడకు? అసలు చిక్కు ఇదే. శిక్ష పెంచి, రుజువు అక్కరలేదని చెప్పి, కాంట్రాక్టర్ అంటే కాగితం మీద పేరున్నవాడే అని వదిలేస్తే, జైళ్లు మా మామలతో నిండుతాయి. పేదవాడు చచ్చి, ఇంకో పేదవాడు జైలుకు పోతాడు. అందుకే నేను అడిగేది పేరు గురించి కాదు. పని ఆపగలిగేది ఎవరు? కడ్డీకి డబ్బు ఇవ్వగలిగేది ఎవరు? నక్షా ఎవరి చేతిలో ఉంది? మొదటి ముద్దాయిగా అతను నిలబడాలి. మేస్త్రీ ఉన్న కడ్డీని పీకేస్తేనో, బెల్టులు అమ్ముకుంటేనో అతనూ నిలబడాలి. మామ అయినా సరే.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్‌లో, విధులు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుల ఇంటివాళ్లకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. రెండు వేల నుంచి అయిదు లక్షలకు రావడం చిన్న మాట కాదు. కానీ మధ్యలో ఉన్న 'లేదా' అన్న మాట నన్ను భయపెడుతుంది. జైలు లేదా జరిమానా అంటే, డబ్బున్నవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర లేదు. డబ్బు లేనివాడికి మిగిలేది ఏదో కూడా చెప్పనక్కర లేదు.

అదే ఏడాది ఫిబ్రవరి 22న, మా గుట్టల కిందనే, దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. అందులో నలుగురు ఝార్ఖండ్ గుమ్లా జిల్లా నుంచి వచ్చినవాళ్లు. గుమ్లా కూడా మనలాగే ఆదివాసుల నేల. ఆ తరువాతి వారాల్లో రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. ఆ ప్రమాదం ఎవరి తప్పో చెప్పే జ్ఞానం నాకు లేదు. కానీ ఆ రోజుల్లో అంబులెన్సులు, మిలిటరీ బండ్లు మా రోడ్డు మీద పోతుంటే యాడి గడపలో కూర్చుని ఒకటే అడిగింది. "మన పిల్లలు పట్నం పోతిరి, వాళ్ల పిల్లలు మన గుట్టలకొచ్చిరి. ఆ తల్లులకు ఎవరు చెప్తరు?"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఇప్పుడు నేను టీచర్‌ను. చట్టం మార్చే చెయ్యి నాది కాదు. కానీ రాసే చెయ్యి ఉంది. రెండేళ్లుగా దసరా మరునాడు, లారీలు వచ్చే ముందు, మా తండా సేవాలాల్ గుడి ముందర ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటున్నాను. పోయేవాళ్ల పేరు, వయసు, సైట్ ఎక్కడ, మేస్త్రీ ఎవరు, అతని పైవాడు ఎవరు, ఆ పైవాడు ఎవరు, అన్నీ రాస్తాను. సైట్ గేటు దగ్గర బోర్డు ఉంటుంది కదా, చేరిన రోజే దాని ఫోటో తీసి పంపమంటాను. వారానికి ఒకసారి పని చేసే చోట గుంతల ఫోటో, కడ్డీల ఫోటో తీసి పంపమంటాను. చదవకుండా సంతకం పెట్టకండి, మార్చురీ దగ్గర అసలే పెట్టకండి అని చెప్తాను. పిల్లలు నవ్వుతారు. "అక్కా, సచ్చినంక సంగతులు ఇప్పుడెందుకు?" అంటారు. అయినా ఫోటోలు పంపుతున్నారు. నిరుడు ఒక ఫోటోలో లిఫ్ట్ గుంత చుట్టూ అడ్డు లేకపోతే, యూనియన్ పెద్దాయన కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. నాలుగు రోజులకు కడ్డీలు వచ్చాయి. ఈసారి మనిషి పడకముందే వచ్చాయి.

మొన్న దసరాకు మామ వచ్చాడు. నాలుగేళ్ల తరువాత మా వాకిట్లో అడుగు పెట్టాడు. వదిన లోపలికి పోయి, కొంచెంసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. మాట్లాడలేదు. మామ నీళ్లు తాగి, నా నోట్‌బుక్ చూసి, "నా పేరు కాడ ఏం రాసినవ్?" అని అడిగాడు. "మేస్త్రీ అని రాసిన" అన్నాను. "కాంట్రాక్టర్ అని రాయలే?" "రాయలే." కొంచెంసేపు ఊరుకుని, జేబులోంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసి నా ముందర పెట్టాడు. కొత్త సైట్ వాళ్లు సంతకం పెట్టమని ఇచ్చిన ఒప్పందం. ఇంకా సంతకం పెట్టలేదు.

"చదువు బిడ్డా, మొత్తం చదువు" అన్నాడు.

యాడి లోపల దూలం మీది హెల్మెట్ దించి, యాసంగి విత్తనాలు బయటికి పోసుకుంటోంది. నేను మొదటి వరుస నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను.